ఇంజనుకు మెదడు కట్టబోయి నేర్చుకున్న పాఠం

ప్రతి సంవత్సరం మన సంచికలో కథలు, కవితలు, విహారయాత్రల ముచ్చట్లు చదువుతున్నాం. ఈసారి సైన్సు విద్యార్థిగా నా వంతు ఒక పాఠం రాయాలనిపించింది. ఇది పాఠ్యపుస్తకంలోంచి ఎత్తి రాసినది కాదు. గోదావరి ఒడ్డున మా ఊళ్లో, పశువుల కొట్టం పక్కన, ఒక పాత 100 సి.సి. మోటారుసైకిలు ఇంజనుతో ఏడు నెలలు కుస్తీపట్టి నేర్చుకున్నది. అందులో సగం నా పొరపాట్లే. జూనియర్లు ఆ పొరపాట్లే మళ్లీ చేయకుండా ఉంటే ఈ వ్యాసం ధన్యమైనట్టే.

ఇంజనుకు మెదడెందుకు?

పాత బండ్లలో కార్బురేటరు ఉండేది. ఇరుకు దారిలో గాలి వేగంగా పోయేటప్పుడు అక్కడ పీడనం తగ్గి, పెట్రోలు దానంతట అదే పైకి లేచి గాలిలో కలిసేది. చలికాలమైనా ఎండాకాలమైనా, కొత్త ఇంజనైనా అరిగిన ఇంజనైనా అన్నిటికీ అదే జెట్టు. 1967లో ఫోక్స్‌వాగన్ 1600 కారుకు బాష్ కంపెనీ ఎలక్ట్రానిక్ ఇంజెక్షను అమర్చింది. 1979లో అదే కంపెనీ మోట్రానిక్ అనే పేరుతో పెట్రోలునూ, నిప్పురవ్వనూ ఒకే మైక్రోప్రాసెసరు చేతికి అప్పగించింది. మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుండి బి.ఎస్.-6 నిబంధనలు అమలులోకి రావడంతో కొత్త మోటారుసైకిళ్లలో కార్బురేటరు దాదాపు కనుమరుగైంది.

పొగ తగ్గింది, మంచిదే. కాని స్క్రూడ్రైవరు పట్టుకొని, ఇంజను చప్పుడుకు చెవి ఒగ్గి ట్యూనింగు చేసే మన చౌరస్తా మెకానిక్కుకు ఆ నల్లడబ్బా తెరవరాని పెట్టె అయింది. ఆ పెట్టె లోపల ఏముందో తెలుసుకోవాలన్నదే నా పట్టుదల. ఇలాంటి పట్టుదల ఉన్నవాళ్లు ఇదివరకే ఉన్నారు. అమెరికాలో బౌలింగ్, గ్రిప్పో అనే ఇద్దరు 2001లో మెగాస్క్వర్ట్ అనే బోర్డును ఇంట్లో కట్టుకోవడానికి వీలుగా బయటపెట్టారు. తరువాత ఆర్డుయినో మెగా మీద నడిచే స్పీడుయినో వచ్చింది. వాటి వలయాలు అందరూ చూడవచ్చు. నేను వాటిని చదివి, ఒక్క సిలిండరుకు సరిపోయేటట్టు కుదించుకున్నాను.

పని వేగం ఎంత?

ఇంజను నిమిషానికి 6000 చుట్లు తిరుగుతుందనుకుందాం. అంటే సెకనుకు 100 చుట్లు, ఒక చుట్టుకు 10 మిల్లీసెకన్లు. ఆ పదిని 360 డిగ్రీలకు పంచితే ఒక్క డిగ్రీకి వచ్చేది సుమారు 28 మైక్రోసెకన్లు. పిస్టను పైకి చేరడానికి ఇన్ని డిగ్రీల ముందు రవ్వ పడాలి అని లెక్క ఉంటుంది. ఆ లెక్క తప్పితే ఇంజను ముక్కుతుంది, లేదా వెనక్కి తంతుంది.

మెదడుకు వార్తలు తెచ్చేవి నాలుగు: క్రాంకు ఎక్కడుందో చెప్పే పల్సరు కాయిలు, గాలి పీడనం చెప్పే సెన్సారు, థ్రాటిల్ ఎంత తెరిచామో చెప్పేది, ఇంజను వేడి చెప్పే థర్మిస్టరు. మెదడు ఆజ్ఞలు అందుకునేవి ప్రధానంగా రెండు: పెట్రోలు చిమ్మే ఇంజెక్టరు, రవ్వ పుట్టించే ఇగ్నిషన్ కాయిలు. వార్తలు మిల్లీవోల్టులలో వస్తాయి. ఆజ్ఞలు ఆంపియర్లలో పోతాయి. ఈ రెంటినీ అరచేయంత పలక మీద కాపురం చేయించడమే బోర్డు గీయడమంటే. కష్టమంతా అక్కడే ఉంది.

మొదటి దెబ్బ

పత్తి అమ్మిన పైసల్లోంచి మా బాపు మూడు వేలు చేతిలో పెట్టిండు. "బండి పదిహేనేండ్లు మంచిగనే నడిసింది గద బిడ్డా, ఇప్పుడు దానికి మెదడెందుకు?" అన్నడు గాని ఇయ్యననలేదు. ఇంజనును ఇనుప ఫ్రేముకు బిగించాను. రోడ్డు మీది బండిని ఇష్టమొచ్చినట్టు మార్చడానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఒప్పుకోదు, పైగా ప్రమాదం. థ్రాటిల్ బాడీ, కారు కాయిలు తుక్కు దుకాణంలో దొరికాయి. రాగి పలక మీద గీతలను ఇస్త్రీపెట్టెతో దింపి, ప్లాస్టిక్ తొట్టిలో ఫెర్రిక్ క్లోరైడు పోసి బోర్డు తయారుచేశాను.

నాలుగు కిక్కులు కొట్టినా స్టార్టు కాలేదు. తాళం ఆపి, వైర్లు చూసి, మళ్లీ తాళం తిప్పాను. "జరుగు, నేను కొడ్త" అని బాపు వెంటనే కిక్కు మీద కాలేసిండు. రాడ్డు ఎదురుతన్ని ఆయన పిక్కకు తగిలింది. నాట్ల కాలం. పది రోజులు బాపు మడిలో దిగలేకపోయిండు. ఆయన బదులు కూలి మనిషిని పెట్టవలసి వచ్చింది. అవ్వ నాతో మాట్లాడలేదు. బాపు మాత్రం ఒక్కటే మాట అన్నడు: "ఇంజన్ తప్పు గాదు, నువ్వు జూసుకోలే."

ఏం జరిగింది? తాళం తిప్పగానే మైక్రోకంట్రోలరు పనిలోకి దిగదు. నేను వాడిన దానికి మేలుకోవడానికి సెకనుకు పైగా పడుతుంది. ఆ సేపు దాని కాళ్లు ఎటూ కట్టుబడక గాలిలో ఉంటాయి. కాయిలును నడిపే ట్రాన్సిస్టరు గేటు కూడా అలాగే గాలిలో ఉండి, తనంతట తాను తెరుచుకుంది. కాయిలులో కరెంటు నిండింది. ప్రోగ్రాము మేలుకొని గేటును మూసిన క్షణంలో రవ్వ పడింది. ఆ క్షణానికి పిస్టను ఇంకా పైకి వస్తూనే ఉంది. ముందు కొట్టిన కిక్కులతో సిలిండరులో పెట్రోలు ఆవిరి ఉండనే ఉంది.

దీనికి మందు ఒక్క 10 కిలోఓముల నిరోధకం. గేటుకూ గ్రౌండుకూ మధ్య దాన్ని పెడితే, మెదడు మేలుకునేదాకా గేటు మూసుకొనే ఉంటుంది. దాని ఖరీదు రూపాయి కూడా ఉండదు.

మా గల్లీలో బొగ్గుబాయిలో ఎలక్ట్రీషియనుగా చేసి రిటైరైన కాకా ఒకరున్నారు. జరిగింది చెబితే ఆయన నవ్వలేదు. "బాయి మీద వైండింగు ఇంజనుకు కరెంటు పోతే బ్రేకు దానంతటదే పడ్తది. కరెంటుతోని బ్రేకు లేస్తది, కరెంటు లేకుంటే పడ్తది. అట్ల కట్టకపోతే మనుషులు పోతరు. మిషను నడిచేటప్పటి సంగతొక్కటే గాదు, నడవనప్పటి సంగతి గూడ నువ్వే గీయాలె" అన్నారు. ఏ పుస్తకంలోనూ ఇంత సూటిగా నాకు దొరకలేదు.

రెండో దెబ్బ: గ్రౌండు

నిరోధకం పెట్టాక ఇంజను నడిచింది. మెల్లగా ఉన్నంతసేపు బాగానే ఉంది. థ్రాటిల్ తెరిస్తే నల్లపొగ వదిలి ఉక్కిరిబిక్కిరై ఆగిపోయేది. మూడు వారాలు ప్రోగ్రాములో తప్పు వెతికాను. తప్పు ప్రోగ్రాములో లేదు, రాగి గీతలో ఉంది.

రైతు ఇంటివాళ్లకు తేలికగా అర్థమయ్యే సంగతి ఇది. మీది మడి మురుగునీరు కింది మడి కాలువలోంచే పోతున్నదనుకోండి. మీది మడివాడు ఒక్కసారి గట్టు తెంపితే కింది మడిలో నీటిమట్టం లేస్తుంది. కింది రైతు తన మడిలో నీళ్లు ఎక్కువున్నాయనుకుంటాడు. నిజానికి అవి తనవి కావు.

నా బోర్డులో కాయిలు కరెంటూ, పీడనం సెన్సారు గ్రౌండూ ఒకే గీత గుండా బ్యాటరీకి చేరేవి. ఆ గీత 10 సెం.మీ. పొడవు, 1 మి.మీ. వెడల్పు. సాధారణ బోర్డులో రాగి మందం 35 మైక్రాన్లు. రాగి విశిష్ట నిరోధంతో లెక్కగడితే గీత నిరోధం సుమారు 0.049 ఓములు. ఎంత చిన్నది! కాని కాయిలులో కరెంటు 6 ఆంపియర్లకు చేరినప్పుడు ఓమ్ సూత్రం ప్రకారం ఆ గీత చివర 0.29 వోల్టులు లేస్తుంది. నా సెన్సారు ఒక్కో కిలోపాస్కలుకు 20 మిల్లీవోల్టులు ఇస్తుంది. అంటే లేని పీడనం 14 కిలోపాస్కళ్లకు పైగా ఉన్నట్టు మెదడు నమ్మింది, దానికి తగ్గట్టు పెట్రోలు పోసింది.

మెల్లగా ఉన్నప్పుడు ఎందుకు బాగుంది? కాయిలు నిండడానికి 2 మిల్లీసెకన్లు కావాలి. 1500 చుట్ల వేగంలో ఒక చుట్టు 40 మిల్లీసెకన్లు, అందులో 2 అంటే ఇరవయ్యో వంతు. 6000 దగ్గర చుట్టు 10 మిల్లీసెకన్లే, అందులో 2 అంటే ఐదో వంతు. వేగం పెరిగినకొద్దీ తప్పుడు కొలత పడే అవకాశం పెరిగింది.

బోర్డు గీసేవారికి కొన్ని సూత్రాలు

1. ఎవరి మురుగు వారిదే. కాయిలు, ఇంజెక్టరు గ్రౌండు ఒక దారిలో, సెన్సార్ల గ్రౌండు ఇంకొక దారిలో వచ్చి ఒకే చోట కలవాలి. పెద్ద కరెంటు పోయే గీత పొట్టిగా, వెడల్పుగా ఉండాలి. 5 మి.మీ. వెడల్పు, 2 సెం.మీ. పొడవు చేస్తే ఆ 0.29 వోల్టులు 12 మిల్లీవోల్టులకు దిగుతుంది.

2. చెరువుకు మత్తడి ఉండాలి. చార్జి అవుతుండగా బ్యాటరీ వైరు ఊడితే కారు లైనులో 80 వోల్టులకు పైగా లేవవచ్చు. సప్లయి మొదట్లోనే ఒక టి.వి.ఎస్. డయోడు పెడితే, మత్తడి దూకిన నీళ్లలాగా ఎక్కువైనది పక్కకు పోతుంది, కట్ట తెగదు.

3. కాయిలు గీతలకు దూరం పాటించాలి. 3 మిల్లీహెన్రీల కాయిలులో 6 ఆంపియర్లు 50 మైక్రోసెకన్లలో ఆగిపోతే 360 వోల్టులు పుడుతుంది. దాని పక్కనే సెన్సారు గీత ఉండకూడదు.

4. చిప్పు పక్కనే 0.1 మైక్రోఫారడు కెపాసిటరు ఉండాలి. దాహమైనప్పుడు బావిదాకా పోకుండా ఇంట్లో కడవ ఉన్నట్టు.

5. పల్సరు కాయిలు వైర్లు రెండూ మెలివేసి తేవాలి. దాని వోల్టేజి వేగంతో మారుతుంది. కిక్కు దగ్గర చాలా తక్కువ, వేగంలో చాలా ఎక్కువ. అందుకే మెదడుకు నేరుగా కలపకుండా మధ్యలో సరిచేసే వలయం పెట్టాలి.

6. ముందు కాయిలు స్థానంలో ఎల్.ఇ.డి. దీపం పెట్టి, తాళం ఇరవైసార్లు తిప్పి చూడాలి. దీపం ఒక్కసారి వెలగరానప్పుడు వెలిగినా ఇంజను జోలికి పోరాదు. పెట్రోలు దగ్గర పనిచేసేటప్పుడు పక్కన ఇసుక బకెట్టు తప్పనిసరి.

చివరి మాట

రెండో బోర్డు రెండువైపులా రాగితో ఫ్యాక్టరీలో చేయించాను. మొన్న సంక్రాంతి సెలవుల్లో బిగించాను. నేను కిక్కు కొట్టబోతుంటే బాపు వచ్చి బోర్డు మీదికి వంగి, "ఆ చిన్న ముక్క వెట్టినవా?" అని అడిగిండు. చూపించాను. "అయితే జరుగు" అని తనే కాలేసిండు. రెండో కిక్కుకు ఇంజను అందుకుంది. థ్రాటిల్ పూర్తిగా తెరిచినా పొగ రాలేదు. బాపు కాసేపు విని, ఏమీ అనకుండా పశువులకు గడ్డి వేయడానికి పోయిండు.

మిత్రులారా! ఓమ్ సూత్రం మనం ఇంటర్మీడియట్‌లోనే పరీక్ష రాసి మార్కులు తెచ్చుకున్నాం. నాకు ఆ సూత్రం నిజంగా తెలిసింది మాత్రం ఇప్పుడే. ఆలస్యమైన ఆ చదువుకు రుసుము నేను కట్టలేదు, మా బాపు కట్టిండు. మీరు ఏది కట్టినా, అది పనిచేయనప్పుడు ఎవరి కాలు దాని మీద ఉంటుందో ముందుగా ఆలోచించండి. మెదడు కడదామనే ఉత్సాహం ఉన్నవారు ఎవరైనా నా దగ్గరికి రండి. మొదటి బోర్డు దాచే ఉంచాను, అది కూడా చూపిస్తాను.