మొవ్వు బాగుంటేనే చెట్టు

కోనసీమలో ఒక చిన్న ఇల్లు. వాకిట్లో మూడు కొబ్బరి చెట్లు నాటారు. ఒకటి పోయిన ఏడాది చచ్చిపోయింది. దాని మోడు అలాగే నిలబడి ఉంది. మిగిలిన రెండింటికీ ఐదేళ్ళు. ఇంకో ఏడాదిలో గెల వేస్తాయని ఇంటిల్లిపాదికీ ఆశ.

శ్రావణమాసం. వారం రోజులుగా ముసురు. కోడలు వాకిలి ఊడుస్తూ పైకి చూసింది.

"అత్తయ్యా, ఇలా రండి. ఈ చెట్టు మొవ్వాకు పసుపురంగు తిరిగింది. వేలాడిపోతోంది."

"ఎవరి కళ్ళు పడ్డాయో! దిష్టి తీద్దామమ్మా" అంది అత్త.

"పోయినేడూ దిష్టే అనుకున్నాం. కింది ఆకులు పచ్చగా ఉన్నాయి కదా, అదే తేరుకుంటుందిలే అని వదిలేశాం. చివరికి చెట్టే పోయింది."

కోడలు స్టూలు ఎక్కింది. మొవ్వాకు పట్టుకుని మెల్లగా లాగింది. ఆకు ఊడి చేతికి వచ్చేసింది. మొదలు కుళ్ళి కంపు కొడుతోంది.

అత్తా కోడళ్ళు ఆ రోజే ఉద్యానశాఖ అధికారిని కలిశారు. ఆయన చెప్పిన సంగతులు ఇవి.

ఇది మొవ్వుకుళ్ళు తెగులు. దిష్టి కాదు. ఫైటోఫ్తోరా అనే బూజులాంటి సూక్ష్మజీవి వల్ల వస్తుంది. వానాకాలంలో, గాలిలో తేమ ఎక్కువైనప్పుడు పెరుగుతుంది. లేత చెట్లకు ప్రమాదం ఎక్కువ.

మామిడికి ఒక కొమ్మ పోతే మరో కొమ్మ చిగురిస్తుంది. కొబ్బరికి కొమ్మలు లేవు. ఉన్నది ఒక్కటే మొవ్వు. అది చచ్చిపోతే చెట్టు బతకదు. కింది ఆకులు కొన్ని నెలలు పచ్చగానే ఉంటాయి. వాటిని చూసి మోసపోకూడదు.

ఈ తెగులు తాటి చెట్టుకూ వస్తుంది. 1900 తరువాతి ఏళ్ళలోనే బట్లర్ అనే శాస్త్రవేత్త గోదావరి జిల్లాల్లో దీన్ని పరిశీలించాడు. జబ్బు చెట్ల తలలు నరికి కాల్చే పనిని అప్పటి ప్రభుత్వం చేపట్టింది.

తెగులు కనిపిస్తే ఏం చేయాలి?

1. కుళ్ళిన భాగాన్ని పదునైన కత్తితో పూర్తిగా కోసి తీసేయాలి. తీసిన ముక్కల్ని కాల్చేయాలి.
2. కోసిన చోట బోర్డో పేస్టు పూయాలి. 100 గ్రాముల మైలుతుత్తం అర లీటరు నీటిలో, 100 గ్రాముల సున్నం మరో అర లీటరు నీటిలో కలపాలి. తరువాత రెండూ కలిపితే పేస్టు తయారు.
3. కొత్త మొవ్వు వచ్చేదాకా లోపలికి వాన నీరు పోకుండా పైన ప్లాస్టిక్ కాగితం కప్పాలి.
4. చుట్టుపక్కల చెట్ల మొవ్వుల్లో 1 శాతం బోర్డో మిశ్రమం పిచికారీ చేయాలి. 100 గ్రాముల మైలుతుత్తం 5 లీటర్ల నీటిలో, 100 గ్రాముల సున్నం 5 లీటర్ల నీటిలో వేరువేరుగా కలపాలి. మైలుతుత్తం నీటిని సున్నం నీటిలో పోస్తూ కలియబెట్టాలి.
5. చచ్చిన చెట్టును నరికి, దాని తలను కాల్చేయాలి. అలా వదిలితే తెగులు పక్క చెట్లకు పాకుతుంది.

మిశ్రమంలో ఇనుప కత్తిని కాసేపు ముంచి చూడండి. ఎర్రటి పూత పడితే ఇంకొంచెం సున్నం నీరు కలపాలి. ఇనుప పాత్ర వాడకూడదు. ప్లాస్టిక్ బకెట్టు మంచిది. కలిపిన రోజే వాడేయాలి.

జాగ్రత్త! మైలుతుత్తం విషం. పిల్లలకు అందకుండా పెట్టండి. ఆ బకెట్టు ఇంటి పనులకు వాడకండి. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోండి.

రాకముందే ఆపడం ఎలా?

చెట్టుకూ చెట్టుకూ 25 అడుగుల దూరం ఉండాలి. మొదట్లో నీరు నిలవకూడదు. వానలకు ముందే ఒకసారి బోర్డో మిశ్రమం కొట్టాలి. కొమ్ము పురుగు మొవ్వును తొలవకుండా చూడాలి. అది పెంటకుప్పల్లో గుడ్లు పెడుతుంది.

అత్తా కోడళ్ళు ఆ సాయంత్రమే పని మొదలుపెట్టారు. మోడును నరికించారు. దసరా నాటికి ఆ చెట్టు నుంచి కొత్త ఆకు బయటికి వచ్చింది. కొంచెం వంకరగా ఉంది. అయినా పచ్చగా ఉంది.

"ముందే తెలిస్తే మూడోదీ బతికేది కదమ్మా" అంది అత్త.

చెప్పండి:
1. మొవ్వు పోతే కొబ్బరి చెట్టు ఎందుకు బతకదు?
2. చచ్చిన చెట్టును ఎందుకు వదిలేయకూడదు?
3. మీ ఇంటి కొబ్బరి చెట్టు మొవ్వును ఈ వారం చూశారా?