నీళ్లు ఎటు వెళ్తాయి? కిస్‌మిస్ నుంచి ఓఆర్‌ఎస్ దాకా



పండుగకు షీర్ ఖుర్మా చేయాలంటే మన ఇళ్లలో కిస్‌మిస్‌ను ముందే నీళ్లలో నానబెడతారు. కొన్ని గంటలకు ముడతలు పోయి గుండ్రంగా ఉబ్బుతాయి. అదే వేసవిలో ఊరగాయకు మామిడి ముక్కలు కోసి ఉప్పు కలిపి పెడితే, తెల్లారేసరికి జాడీలో ఊట చేరుతుంది, ముక్కలు మెత్తబడతాయి. ఒకచోట నీళ్లు లోపలికి వెళ్లాయి, ఇంకోచోట బయటికి వచ్చాయి. రెండింటికీ కారణం ఒక్కటే. దాని పేరు ద్రవాభిసరణ.

మన పిల్లలు ఈ మాటకు నిర్వచనం తడబడకుండా అప్పజెబుతారు. కానీ చేతికి ఒక బంగాళదుంప ముక్క ఇచ్చి, "దీన్ని ఉప్పునీళ్లలో వేస్తే బరువు పెరుగుతుందా, తగ్గుతుందా?" అని అడిగితే ఆగిపోతారు. ముందుగా ఊహించి చెప్పగలిగితేనే పాఠం అర్థమైనట్టు.

ఊహించే పద్ధతి సులువు. నీటిని పోనిచ్చి, అందులో కరిగిన ఉప్పు, చక్కెరలను చాలావరకు ఆపే పొరను అర్ధపారగమ్య పొర అంటారు. ముందు ఆ పొరకు ఏ వైపు కరిగిన పదార్థం ఎక్కువగా ఉందో చూడాలి. నీళ్లు ఆ వైపుకే వెళ్తాయి. నీళ్లు చేరిన వైపు బరువు పెరుగుతుంది, పోయిన వైపు తగ్గుతుంది. రెండు వైపులా సమానంగా ఉంటే బరువు మారదు. కిస్‌మిస్ లోపల చక్కెర ఎక్కువ, కాబట్టి బరువు పెరిగింది. మామిడి ముక్క బయట ఉప్పు ఎక్కువ, కాబట్టి తగ్గింది.

ఇక్కడ పిల్లలు పొరపడే చోట్లు రెండున్నాయి. మొదటిది: గిన్నె, నీళ్లు, కిస్‌మిస్ అన్నీ కలిపి తూస్తే, నీరు ఆవిరి కానంతవరకు మొత్తం బరువు మారదు. ఒకవైపు పెరిగినంత రెండోవైపు తగ్గుతుంది. రెండోది: గ్రాముల తేడా ఒక్కటే చూస్తే చాలదు, శాతం లెక్కగట్టాలి. 20 గ్రాముల ముక్క 17 గ్రాములైంది అనుకుందాం. పోయింది 3 గ్రాములు, అంటే 15 శాతం. 10 గ్రాముల ముక్క 8 గ్రాములైతే పోయింది 2 గ్రాములే, కానీ అది 20 శాతం. ఎక్కువ నష్టం చిన్న ముక్కకే.

ఈ చిన్న ముక్క లెక్కే చంటిబిడ్డలకూ వర్తిస్తుంది. విరేచనాలతో 1 లీటరు నీరు పోతే, అంటే 1 కిలో బరువు తగ్గితే, 60 కిలోల మనిషికి అది 2 శాతం లోపే. 10 కిలోల బిడ్డకు మాత్రం 10 శాతం. అది ప్రాణం మీదికి తెచ్చే నష్టం.

అప్పుడు ఏం తాగించాలన్నది కూడా పై సూత్రమే చెబుతుంది. కరిగిన రేణువుల లెక్కలో మన రక్తం సుమారు 290. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం చేసిన ఓఆర్‌ఎస్ 245. అందులో లీటరుకు గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు ఉంటాయి. పేగు గోడలో సోడియం, గ్లూకోజు జతగా లోపలికి వెళ్తాయి, వాటి వెంట నీరు వెళ్తుంది. 1971లో పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా ప్రబలినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఇలాంటి ద్రావణం తాగించే ఎందరి ప్రాణాలో నిలిపారు.

ఇప్పుడు ఊహించండి: లీటరు నీళ్లలో కలపాల్సిన ప్యాకెట్‌ను అర లీటరులో కలిపితే? 245 రెట్టింపై 490 అవుతుంది. రక్తం కంటే చిక్కన. నీరు ఒంట్లోకి రావడానికి బదులు ఒంట్లోంచి పేగులోకి పోతుంది. లీటరుకు 100 గ్రాముల వరకు చక్కెర ఉండే తీపి పానీయాలు తాగించినా అంతే, విరేచనాలు ఎక్కువవుతాయి. అలాంటి పానీయాలు 'ఓఆర్‌ఎస్' పేరుతో అమ్మడంపై హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో జాతీయ ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఆ పేరు వాడకాన్ని ఆపించింది.

ప్యాకెట్ దొరకని వేళ లీటరు శుభ్రమైన నీటిలో 6 చదును చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాగించవచ్చు. చెంచా అంటే టీ చెంచా. తల్లిపాలు ఆపకూడదు. బిడ్డ మగతగా ఉన్నా, తాగలేకపోయినా, మలంలో రక్తం కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

దాతలకు ఒక మనవి. తిరుపతి, చిత్తూరు ఎండల్లో చలివేంద్రాలకు, వైద్య శిబిరాలకు మీరు సాయం చేసేటప్పుడు తీపి డబ్బాలకు బదులు డబ్ల్యూహెచ్‌ఓ సూత్రం అని రాసి ఉన్న ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ఇవ్వండి. ఎన్ని నీళ్లలో కలపాలో చెప్పి ఇవ్వండి. అలాగే మీ ఊరి బడికి ఒక చిన్న డిజిటల్ తక్కెడ కొనివ్వండి. నాలుగు కిస్‌మిస్‌లు తూచి, బరువు ఎటు మారుతుందో ముందే చెప్పగలిగిన పిల్ల, రేపు తన తమ్ముడికి విరేచనాలైనప్పుడు ప్యాకెట్‌ను ఎన్ని నీళ్లలో కలపాలో ఇంట్లో అందరికీ చెప్పగలుగుతుంది.