బాయిలో దొరికిన ఇంగ్లిష్

1. మాట తెలిసినంత మాత్రాన పని తెలిసినట్టు కాదు.

శ్రీరాంపూర్ ఏరియాలో బొగ్గు బాయి (గని) దిగిన కొత్తలో 'గోఫ్' నాకు పుస్తకంలో చదివిన మాటే. పిల్లర్లలోని బొగ్గు తీసుకుంటూ వెనక్కి వస్తుంటే మిగిలే ఖాళీ అది. పైకప్పు కూలేది అక్కడే. బాయిలో పని చూసే సర్దార్ ఉద్యోగ పరీక్ష కోసం ఆ నిర్వచనం బట్టీ పట్టాను. పైకప్పుకు దన్ను కర్రలు పెట్టే మా పాత టింబర్‌మన్ దాన్ని 'గోపు' అనేవాడు. ఇనుప కడ్డీతో రూఫ్ తట్టి చెవి ఒగ్గేవాడు: గట్టి రాయి ఖంగుమంటుంది, పొర విడిన రాయి డొల్లగా మోగుతుంది. నేను ఆయన ఉచ్చారణ సరిచేయబోతే, "పేరు తర్వాత దిద్దుదువు గానీ, ముందు ఇవతలికి రా సారూ" అన్నాడు. నొచ్చుకుని కొన్నాళ్లు ఆయనకు దూరంగా ఉన్నాను. ఆ చెవి నాకు ఆలస్యంగా అబ్బింది.

2. ఇంగ్లిష్‌లో ఉన్నవన్నీ దొరల మాటలు కావు.

'సర్దార్' పారసీ మాట. 1957 నాటి కోల్ మైన్స్ రెగ్యులేషన్స్‌లో ఉంది, 2017 నాటి వాటిలోనూ ఉంది. ఒకరి బదులు పనికి వచ్చే మన బదిలీ వర్కర్ పాత పారిశ్రామిక వివాదాల చట్టంలో 'బద్లీ'గా కనిపించేవాడు. హైదరాబాద్ దక్కన్ కంపెనీ ఇల్లెందు వైపు బొగ్గు తవ్వే హక్కులు పొందిన 1886లోనే ఇంగ్లిష్‌లో కలిసిన మన మాటలకు యూల్, బర్నెల్‌లు కూర్చిన 'హాబ్సన్-జాబ్సన్' నిఘంటువు అచ్చయింది. అందులో మన పందికొక్కు 'బాండికూట్' అయి కూర్చుంది! ఇదంతా నాకు రిటైరయ్యాక తెలిసింది. ఉద్యోగంలో ఉండగా మాత్రం ఇంగ్లిష్ కాగితం చూస్తేనే గొంతు తడారిపోయేది.

3. ప్లేడే ఆట రోజు కాదు.

బ్రిటన్ గనుల్లో పని లేని రోజుకు ఆ పేరు. మన దగ్గర వారపు సెలవునాడు డ్యూటీకి పోతేనే ప్లేడే, రెండింతల జీతం. గోదావరి ఒడ్డుకు తీసుకుపోతానని పిల్లలకు మాటిచ్చి, ప్లేడే పడిందని పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకుని పోయిన ఆదివారాలు చాలా ఉన్నాయి. ఆ డబ్బు దేనికి ఖర్చయిందో ఇప్పుడు గుర్తులేదు.

4. పని పోతే దాని మాటా పోతుంది.

హాలర్ తాడు గుంజే టబ్బుల స్థానంలో బెల్టులు వచ్చాయి. ఓపెన్‌కాస్టుల్లో ఇప్పుడు షావెల్, డంపర్, ఓబీ (బొగ్గు మీది మట్టి, రాయి) అంటున్నారు. టబ్బుల్లో బొగ్గు నింపే కోల్ ఫిల్లర్ అనే మాట పెన్షనర్ల నోటనే వినిపిస్తుంది. మీ ఇంట్లో ఫిల్లర్‌గా చేసిన తాత ఉంటే, నిండు టబ్బు పట్టా తప్పితే మళ్లీ ఎట్లా ఎక్కించేవారో ఒకసారి అడగండి.