పాత పార్టుకు ధర కట్టగలరా?

స్కోడా ఆక్టేవియా 1.8 టీఎస్ఐలో కంపెనీ బిగించి ఇచ్చేది ఐఎస్12 టర్బో. బండికి ఇంకా ఊపు కావాలనుకున్నవాళ్లు దాన్ని విప్పించి, గోల్ఫ్ ఆర్‌లో వచ్చే పెద్ద ఐఎస్38ను వేయించుకుంటారు. విప్పిన పాతది షెడ్డులో ఓ మూల పడి ఉంటుంది. సరిగ్గా అదే టర్బో పాడై, కొత్తదాని ధర విని దిగాలు పడ్డ మరో యజమాని ఇంకో ఊళ్లో ఉంటాడు. ఈ ఇద్దరి మధ్య ఆన్‌లైన్‌లో బేరం కుదిర్చేవారికి మంచి ఉపాధి ఉంది. ఐటీఐ మోటార్ మెకానిక్, ఆటోమొబైల్ డిప్లొమా చదివినవారు దీన్ని గట్టిగా ఆలోచించవచ్చు.

అయితే కొనేవాడు వస్తువును చేత్తో పట్టుకుని చూడలేడు. అతని బదులు మీరు చూడాలి. నా దృష్టిలో ఈ వృత్తిలో అమ్ముడుపోయేది ఆ పరీక్షే.

టర్బోనే తీసుకోండి. షాఫ్ట్‌ను వేళ్లతో పట్టుకుని కదిపితే పక్కలకు కొంచెం ఆడటం మామూలే. ఇంజిను నడిచేటప్పుడు ఆ సందును ఆయిలు పొర నింపుతుంది. ముందుకూ వెనక్కూ కదులుతోందంటే మాత్రం అనుమానించాలి. బ్లేడ్ల అంచులు విరిగాయా, హౌసింగ్‌కు రాసుకున్న గీతలున్నాయా, లోపల ఆయిలు మడ్డి ఉందా అన్నవి టార్చి వేసి చూసి, అన్నిటికీ దగ్గరి ఫొటోలు తీయాలి. పార్టు నంబరు స్పష్టంగా కనిపించాలి. లోపం ఉంటే దాని ఫొటోనే ముందు పెట్టండి. లోపాన్ని దాచి సంపాదించిన లాభం, వస్తువు వెనక్కి వచ్చిన రోజున రవాణా ఖర్చుతో సహా పోతుంది.

అల్లాయ్ చక్రాల్లో కొలతలే ప్రాణం. స్విఫ్ట్‌కు 4×100, ఆక్టేవియాకు 5×112. మొదటి అంకె బోల్టుల సంఖ్య, రెండోది ఆ బోల్టులు అమరిన వృత్తం వ్యాసం, మిల్లీమీటర్లలో. మధ్య రంధ్రం, ఆఫ్‌సెట్ కూడా రాయాలి. బయట మెరుస్తున్న చక్రానికి లోపలి అంచున పగులుండవచ్చు, అందుకే టైరు తీయించి చూడటం మేలు. వాడేసిన ఎయిర్‌బ్యాగులు, సీటుబెల్టుల జోలికి మాత్రం వెళ్లొద్దు. అవి ప్రాణాలతో ముడిపడ్డవి.

సరుకు ఎక్కడిదన్నది ఇంకా పెద్ద ప్రశ్న. ఢిల్లీ మాయాపురి, చెన్నై పుదుపేటలు పాత పార్టులకు పేరుపడ్డ చోట్లు. మేరఠ్‌లోని సోతీగంజ్‌కూ ఆ పేరుండేది. దొంగబండ్లను విప్పి అమ్ముతున్నారన్న ఆరోపణలతో 2021 డిసెంబరులో పోలీసులు అక్కడి దుకాణాలు మూయించారు. దొంగసొత్తని తెలిసీ కొంటే నేరమే. అమ్మినవారి గుర్తింపు కార్డు నకలు, బండి ఆర్‌సీ వివరాలు, సంతకంతో రసీదు లేనిదే ఒక్క నట్టు కూడా కొనకండి.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు నిర్దేశాలకు విరుద్ధంగా బండిని మార్చడాన్ని నిషేధిస్తోంది. చట్టం ఒప్పుకోని మార్పు చేయించుకున్న యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా మార్పుకు 5,000 రూపాయల చొప్పున జరిమానా, లేదా రెండూ పడవచ్చు. రేస్ ట్రాక్‌కే పనికొచ్చే పార్టయితే ఆ మాట ప్రకటనలోనే రాయండి. పాత వస్తువుల వ్యాపారులకు జీఎస్టీలో మార్జిన్ పద్ధతి ఉంది. షరతులకు లోబడితే కొన్న ధరకూ అమ్మిన ధరకూ ఉన్న తేడా మీదే పన్ను. మొదట్లోనే అకౌంటెంటును అడిగి తెలుసుకోండి.

పెట్టుబడి కన్నా ముందు చేతికి పని అలవాటు కావాలి. పర్ఫార్మెన్స్ కార్లు చూసే షెడ్డులో కనీసం ఏడాది పనిచేయండి. బీటెక్ విద్యార్థులైతే బాహా, ఫార్ములా భారత్ పోటీల జట్లలో చేరండి. సొంతంగా బండిని విప్పి కట్టిన అనుభవం అక్కడ దొరుకుతుంది. తర్వాత ఒకే ఇంజిను కుటుంబాన్ని ఎంచుకుని, దాని పార్టు నంబర్లు, ఏ మోడల్‌ది ఏ మోడల్‌కు సరిపోతుందో నోటుబుక్కులో రాసుకుంటూ వెళ్లండి. మొదటి కొనుగోలు ఆ పుస్తకం కొంత నిండాకే.