బ్రిగేడియర్ రిటైరైంది ఎప్పుడు?

కాలయానం కథల్లో తేదీలు తప్పితే ఏమిటట అని మా హాస్టలు మిత్రులు అడుగుతుంటారు. పట్టించుకోవాలనే నేనంటాను. ఎందుకో ఒక లెక్క చేసి చూద్దాం.

‘డాక్టర్ హూ’ బి.బి.సి. 1963 నవంబరు 23న మొదలుపెట్టిన టెలివిజన్ ధారావాహిక. 1989లో ఆగి, 2005లో మళ్ళీ మొదలైంది. డాక్టరు టార్డిస్ అనే వాహనమెక్కి ఏ కాలానికైనా పోగలడు. ఎందరో రచయితలు రాసిన ఈ కథలన్నీ ఒకే కాలక్రమంలో ఇముడుతాయా? ఇదీ ప్రశ్న.

మొదటి సూత్రం: మనిషికి రెండు కాలాలు. ఒకటి గోడమీది క్యాలెండరు, రెండోది తన వయస్సు నడిచే సొంత కాలం. 2008 నాటి కథలో డాక్టరు రివర్ సాంగ్‌ను మొదటిసారి చూస్తాడు. ఆమెకు అతను ఎప్పటినుంచో తెలుసు. పైగా ఆ కథలోనే ప్రాణం విడుస్తుంది. ఇది వింతే గాని వైరుధ్యం కాదు. ఇద్దరికీ చెరో గీత గీస్తే లెక్క తేలిపోతుంది.

రెండో సూత్రం: మనలాగా రోజు వెంట రోజు బతికేవాడికి రెండు గీతలూ ఒకటే. యూనిట్ అనే సైనిక సంస్థను నడిపిన బ్రిగేడియర్ లెత్‌బ్రిడ్జ్ స్టూవర్ట్ ఉద్యోగం అలాంటిదే. అతను తొలిసారి కనిపించే ‘ది వెబ్ ఆఫ్ ఫియర్’ (1968), 1935 తర్వాత నలభై ఏళ్ళు దాటాక జరిగిన కథ. అంటే కనీసం 1975. అదే ఏడు వచ్చిన ‘ది ఇన్వేజన్’లో, అది జరిగి నాలుగేళ్ళయిందంటారు. అంటే కనీసం 1979. అప్పటికి ఆయన ఉద్యోగంలోనే ఉన్నాడు. ‘పిరమిడ్స్ ఆఫ్ మార్స్’ (1975)లో సారా జేన్ కూడా తనది 1980 అంటుంది. బాగానే కుదిరింది.

కాని ‘మాడ్రిన్ అన్‌డెడ్’ (1983)లో ఆయన 1976లోనే రిటైరై, 1977లో ఒక బళ్ళో లెక్కలు చెబుతుంటాడు! లెక్కల మాస్టారి జీవితమే లెక్కకు రాలేదు.

“ఎవరో చరిత్ర మార్చేసి ఉంటారు” అని సర్దేయవచ్చు. కాని ఏ తప్పుకైనా అతికే జవాబు దేనికీ జవాబు కాదు. కథలో ఆధారం కావాలి. చరిత్ర ఎలా మారగలదో ‘పిరమిడ్స్’లో కళ్ళకు కట్టినట్టు చూపించారు, బ్రిగేడియర్ రిటైర్మెంటు విషయంలో అలాంటిదేమీ లేదు. కనుక రెండు తేదీలనూ, ఏది ఏ కథ చెప్పిందో రాసి, పక్కపక్కనే ఉంచాలి. 2008లో డాక్టరు కూడా తాను యూనిట్‌లో పనిచేసింది డెబ్బైలలోనో ఎనభైలలోనో అని తేల్చకుండా వదిలేశాడు.

మాది దివిసీమ రైతు కుటుంబం. 1977 నవంబరు 19 ఉప్పెన రాత్రి మా నాన్నను భుజాన వేసుకుని బయటపడ్డానని నాయనమ్మ చెబుతుంది. బడి రికార్డు ప్రకారం నాన్న పుట్టింది 1979లో. మా ఇంట్లో టార్డిస్ లేదు. బళ్ళో వేసేటప్పుడు వయస్సు తగ్గించి రాయించారంతే. కాగితాలన్నీ ఆ తేదీనే పట్టుకు నడిచాయి. మోకాళ్ళు మాత్రం నాయనమ్మ పక్షమే.

పోయినేడు ప్రాక్టికల్ రికార్డులో రెండు రీడింగులు కలవకపోతే ఒకదాన్ని రబ్బరు పెట్టి చెరిపేశాను. మార్కులూ పడ్డాయి. ఇప్పుడు తెలుస్తోంది, నేనూ ఒకరి వయస్సు దిద్దినట్టే చేశానని.