లార్డ్ రాబర్ట్సు: సేనాజీవితము, పతకములు

పతకము చిన్న లోహపు బిళ్ల. దాని వెల స్వల్పము. అయినను దానియం దొక మనుష్యుని సాహసమును, దాని నిచ్చిన ప్రభుత్వముయొక్క అభిప్రాయమును కూడ ముద్రితమై యుండును. ఈ రెంటిని వేఱుచేసి చూచుట చరిత్ర చదువువారు నేర్వవలసిన పని. అందులకు లార్డ్ రాబర్ట్సు జీవితము తగిన పాఠము.

ఫ్రెడరికు రాబర్ట్సు 1832వ సంవత్సరము సెప్టెంబరు 30వ తేదీన కాన్పూరులో జన్మించెను. తండ్రి ఈస్టిండియా కంపెనీ సైన్యమున సేనాధికారి. శైశవమున వచ్చిన జ్వరముచే నతని కొక కంటిచూపు పోయెను, మనిషియు పొట్టివాడు. ఇట్టివాడు 1851లో బెంగాలు ఫిరంగిదళమున చేరి, 1895 నాటికి ఫీల్డుమార్షలు పదవి నందెను.

ప్రథమ స్వాతంత్ర్య సంగ్రామమని మనదేశమున పలువురు చెప్పుకొను 1857 నాటి తిరుగుబాటు కాలమున నతడు కంపెనీ పక్షమున పోరాడెను. 1858 జనవరి 2వ తేదీన ఖుదాగంజి యొద్ద ఇద్దరు సిపాయీలు తమ ధ్వజముతో వెడలిపోవుచుండగా గుఱ్ఱముపై వెంబడించెను. వారిలో నొకడు తుపాకి గురిపెట్టి మీట నొక్కినను అది ప్రేలలేదు. రాబర్ట్సు ధ్వజధారిని నరికి ధ్వజమును చేకొనెను. అదేదినమున బయొనెట్టుగల సిపాయి నెదుర్కొనుచున్న యొక సవారునకును తోడుపడెను. ఈ కార్యములకై విక్టోరియా క్రాసు అను కంచు శిలువ లభించెను. ధ్వజమును విడువక మరణించిన ఆ సిపాయి ధైర్యమునకు మాత్రము పతకము లేదు.

1880 జూలైలో మైవందు యొద్ద ఆంగ్లసేన యోడిపోగా, రాబర్ట్సు సుమారు 10,000 మంది సైనికులతో ఆగస్టు నెలలో కాబూలు విడిచి, 300 మైళ్లకు పైబడిన దూరమును మూడు వారములలో నడచి కాందహారు చేరి, సెప్టెంబరు 1వ తేదీన జయించెను. పట్టుబడిన ఫిరంగుల కంచుతోనే నక్షత్రములు పోతపోయించి, ఆ ప్రయాణమున నడచిన వారికి పంచిపెట్టిరి. అతని గుఱ్ఱమైన వొనోలెలునకు సయితము విక్టోరియా రాణి ఆ నక్షత్రమును, ఆఫ్ఘను పతకమును ప్రసాదించెను. అయితే 1879లో కాబూలున నతడు పలువురిని ఉరితీయించుటను ఇంగ్లాండులోనే అనేకులు గర్హించిరి. ఈ సంగతి ఏ పతకముమీదను కానరాదు.

1899 డిసెంబరులో దక్షిణాఫ్రికాయందలి కొలెన్సో యుద్ధమున, శత్రువుల గుండ్లవాన నడుమ ఫిరంగులను రక్షింపబోయి అతని కుమారుడు గాయపడి మరణించెను. కుమారునకును విక్టోరియా క్రాసు లభించెను. తండ్రి ఆ దుఃఖముతోనే అక్కడి సేనాధిపత్యము వహింప వెడలెను.

మనకు దగ్గఱి సంగతి యొకటి గలదు. 1881 మొదలు 1885 వఱకు రాబర్ట్సు మద్రాసు సైన్యమునకు ప్రధాన సేనాపతి. దక్షిణదేశపు సైనికులకు యుద్ధగుణము తగ్గినదని అతడు తలంచెను. 1897లో ప్రకటించిన స్వీయచరిత్రములో నట్లే వ్రాసెను. యుద్ధజాతులు కొన్నియే యను ఈ సిద్ధాంతము బలపడుటచే తెలుగువారికిని తమిళులకును సైన్యమున చోటు తగ్గుచు వచ్చెను. దీర్ఘకాలము యుద్ధము లేని ప్రాంతమున కాపున్న సైనికునకు శౌర్యము చూపు అవకాశమే లేదు. అవకాశలోపమును గుణలోపముగా నెంచుట న్యాయము కాదు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున ప్రభుత్వమే మద్రాసు రెజిమెంటును మరల నిర్మించి ఆ తీర్పును దిద్దుకొనెను.

పతకములలోను ఇట్టి భేద ముండెను. 1837లో నేర్పడిన ఇండియన్ ఆర్డర్ ఆఫ్ మెరిట్ భారతీయ సిపాయీలకు. 1856లో నేర్పడిన విక్టోరియా క్రాసు వారికి 1911 వఱకు అందరానిది. 1914 అక్టోబరు 31వ తేదీన బెల్జియములో ఖుదాదాద్ ఖాను అను సిపాయి, తోటివారందఱు కూలినను, తాను గాయపడియు మరతుపాకిని విడువక కాల్చెను. విక్టోరియా క్రాసు పొందిన మొదటి భారతసైనికు డతడే. ఆ కార్యము జరిగిన పదునాలుగు దినములకు, భారతసేనలను చూడ ఫ్రాన్సునకు వచ్చిన వృద్ధ రాబర్ట్సు సెంటొమేరులో మరణించెను.

విద్యార్థులారా, రాబర్ట్సు ధైర్యవంతుడనుట నిజము. అతని తీర్పులన్నియు సరియైనవి కావనుటయు నిజమే. ఒక సత్యముకొఱకు రెండవదానిని దాచరాదు. పతకమును చూచినపుడు దానిని ధరించిన వానిని గౌరవింపుడు. అంతటి ధైర్యము చూపియు దానిని పొందనివాడు ఎవడని కూడ అడుగుడు.