తేయాకు అమ్మే దేశం, పాలు కొనే దేశం

తెల్లవారుజామున మనం సంఘంలో పోసిన పాలలో కొంత భాగం మరునాటికి ఏదో పట్టణంలో టీ గ్లాసులోకి చేరుతుంది. తేయాకూ పాలూ ఒకే గ్లాసులో కలుస్తాయి. అందుచేత తేయాకు వ్యాపారాన్ని గురించి తెలుసుకోవడం పాల ఉత్పత్తిదారులమైన మనకు పరాయి చదువు కాదు. ఈ పాఠానికి మన పొరుగు దేశమైన శ్రీలంకను తీసుకుందాం. ఆ దేశం లోకానికంతటికీ తేయాకు అమ్ముతుంది. కాని తనకు కావలసిన పాలలో ఎక్కువ భాగాన్ని పొడి రూపంలో బయటి దేశాల నుండి కొంటుంది. ఈ అమ్మకం, ఈ కొనుగోలు ఒకదానికొకటి ఎలా ముడిపడి ఉన్నాయో చూద్దాం.

తోటలు ఎలా వచ్చాయి

మొదట అక్కడ ఉన్నది కాఫీ. 1867లో జేమ్స్ టేలర్ అనే స్కాట్లండు దేశస్థుడు కాండీ దగ్గర లూల్‌కందుర తోటలో 19 ఎకరాలలో తేయాకు నాటాడు. 1869లో కాఫీ ఆకుకు తుప్పు తెగులు కనిపించింది. కొద్ది సంవత్సరాలలోనే కాఫీ తోటలు నాశనమై, వాటి స్థానంలో తేయాకు వచ్చింది. ఆ కొండల మీద పనికి మద్రాసు రాజధానిలోని తమిళ జిల్లాల నుండి కూలీలను తీసుకుపోయారు. ఈనాటికీ పెద్ద తోటలలో ఆకు కోసేవారిలో ఎక్కువమంది వారి సంతతివారే.

అయితే అక్కడి తేయాకు అంతా పెద్ద తోటలదే అనుకోరాదు. దేశంలో తయారయ్యే తేయాకులో సగానికి పైగా చిన్న రైతుల ఆకు నుండే వస్తున్నది. వారి పరిస్థితి మన పరిస్థితి వంటిదే. కోసిన ఆకు నిలవ ఉండదు, ఆ రోజే ఫ్యాక్టరీకి చేరాలి. తూకం వేస్తారు, నాణ్యం చూస్తారు, నెలకొకసారి లెక్క కట్టి డబ్బు ఇస్తారు. పాలకు వెన్న శాతం ఎలాగో, ఆకుకు రెండు లేత ఆకులు, ఒక మొగ్గ అలాగ.

ఎగుమతి ఎలా జరుగుతుంది

తయారైన తేయాకులో చాలా భాగం కొలంబో వేలానికి పోతుంది. ఈ వేలం 1883లో మొదలైంది. ఎగుమతి వ్యాపారులు అక్కడ పాట పాడి కొంటారు. ఆ వేలంలో పలికిన సగటు ధరను బట్టే చిన్న రైతు పచ్చి ఆకు ధర నిర్ణయమవుతుంది. ఇరాక్, టర్కీ, రష్యా, ఇరాన్ వంటి దేశాలు ముఖ్యమైన కొనుగోలుదారులు. ఆ దేశాలలో యుద్ధం వచ్చినా, వారి నాణెం విలువ పడిపోయినా, శ్రీలంక కొండ మీది రైతు చేతికి వచ్చే డబ్బు తగ్గుతుంది. అతను చేసిన తప్పు ఏమీ ఉండదు.

తేయాకును పెద్ద సంచులలో అమ్మితే ఒక ధర, పొట్లాలు కట్టి స్వంత పేరుతో అమ్మితే మరొక ధర. అందుకే అక్కడి టీ బోర్డు సింహం గుర్తును ఏర్పాటు చేసింది. నూటికి నూరు పాళ్ళు తమ దేశపు ఆకే అయి, తమ దేశంలోనే పొట్లం కట్టినదానికి మాత్రమే ఆ గుర్తు వేయనిస్తారు.

తేయాకు దిగుమతి

తేయాకు అమ్మే దేశం తేయాకు దిగుమతి చేసుకోవడమేమిటని మనకు అనిపించవచ్చు. ఇతర రకాలతో కలిపి పొట్లాలు కట్టి తిరిగి ఎగుమతి చేయడానికి, టీ బోర్డు అనుమతితో, కొద్ది మొత్తం దిగుమతి అవుతుంది. ఈ అనుమతిని ఇంకా సడలించాలని కొందరు వ్యాపారులు కోరుతూ వచ్చారు. చౌక ఆకు కలిస్తే తమ ఆకుకున్న పేరు పోతుందని ఉత్పత్తిదారులు భయపడ్డారు. సభ్యుల మంచి పాలలో ఒక్క క్యాను కల్తీ పాలు కలిస్తే సంఘం పేరు ఏమవుతుందో మనకు తెలుసు. వారి భయం మనకు అర్థం కానిది కాదు.

2021లో వచ్చిన కష్టం

2021లో తేయాకు ఎగుమతి వల్ల శ్రీలంకకు సుమారు 130 కోట్ల డాలర్లు వచ్చాయి. ఆ ఏడాది మే నెలలోనే ప్రభుత్వం రసాయన ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా నిషేధించింది. రైతులకు ప్రత్యామ్నాయం సిద్ధం చేయలేదు. నవంబరు నాటికి నిషేధం ఎత్తివేశారు గాని, నష్టం అప్పటికే జరిగిపోయింది. 2021లో సుమారు 30 కోట్ల కిలోలుగా ఉన్న తేయాకు ఉత్పత్తి 2022లో సుమారు 25 కోట్ల కిలోలకు పడిపోయింది.

అదే సమయంలో దేశానికి డాలర్ల కరువు వచ్చింది. అప్పుల భారం, పన్నుల తగ్గింపు, కరోనా వల్ల యాత్రికులు రాకపోవడం దీనికి పెద్ద కారణాలు. తేయాకు తగ్గుదల దానికి తోడైంది. ఇరాన్ నుండి పూర్వం కొన్న చమురు బాకీ 25 కోట్ల డాలర్లకు బదులుగా నెలనెలా తేయాకు పంపేందుకు 2021 డిసెంబరులో ఒప్పందం చేసుకున్నారు.

డాలర్లు లేక పాలపొడి ఓడలు రాలేదు. అంగళ్ళ ముందు జనం బారులు తీరారు. 2022 మార్చిలో 400 గ్రాముల పొట్లం ధర ఒకేసారి 250 రూపాయలు పెరిగి, వారి నాణెంలో 790 రూపాయలు అయింది. పాలు కలిపిన కప్పు టీ 100 రూపాయలని హోటళ్ళవారు ప్రకటించారు. లోకానికి టీ పోసిన దేశంలో పేదవాడు పాలు లేని టీ తాగవలసి వచ్చింది.

మనం గ్రహించవలసినది

మన దేశం కూడా ఒకప్పుడు బయటి పాలపొడి మీద ఆధారపడినదే. 1970లో పాలవెల్లువ పథకం మొదలైనప్పుడు ఐరోపా దేశాల నుండి పాలపొడి, బటర్ ఆయిల్ ఉచితంగా వచ్చాయి. వాటిని ఊరకనే పంచిపెట్టలేదు. పాలుగా మార్చి నగరాలలో అమ్మి, ఆ డబ్బుతో సహకార సంఘాలను, శీతలీకరణ కేంద్రాలను పెంచారు. బయటి పొడి మన కాళ్ళ మీద మనం నిలబడేవరకు పట్టుకున్న చేతికర్ర మాత్రమే అయింది. శ్రీలంకలో పాడి అంతగా పెరగలేదు. అందుచేత చేతికర్ర జారగానే ఇల్లు ఇబ్బందిలో పడింది.

ఎగుమతి మంచిదే. కాని ఇంటికి కావలసిన పాలు ఇంటి దగ్గరే పుట్టడం అంతకంటె గట్టి భద్రత. మన ఇళ్ళలోనూ ఇంతే. దాణా మొత్తం కొనుక్కునేవాడు దాణా ధర పెరిగిన నెలలో గేదెను అమ్ముకుంటాడు. పది సెంట్లలోనైనా పచ్చగడ్డి వేసుకున్నవాడు ఆ నెల గడుపుకుంటాడు.

సంఘ సమావేశంలో చర్చించవలసిన ప్రశ్నలు

1. మన గ్రామంలో మేత, దాణా ఎంత భాగం బయటి నుండి కొంటున్నాము? ధర పెరిగితే ఎంతమంది సభ్యులు తట్టుకోగలరు?

2. ప్రతి ఇంట్లో పోసే పాలెన్ని, పిల్లలకు ఉంచుకునే పాలెన్ని?

3. మన సంఘం పాలకు మంచి పేరు నిలబడాలంటే సేకరణ సమయంలో ఏ జాగ్రత్తలు ఇంకా తీసుకోవాలి?